మాడుతోంది, దించండి

నమ్మకం లేనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి. కూర్చున్నాక తల అడ్డంగా ఊపితే మాత్రం ఊరుకునేది లేదు.

ముక్కక్క సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పద్దెనిమిదేళ్లు పనిచేసింది. రోజూ తొమ్మిదింటికి వచ్చి, బ్యాగు కుర్చీకి తగిలించి, జట్టువాళ్లు రాసిన కోడ్ తెరిచేది. తప్పున్న చోట ఆమెకు మాడిన పాల వాసన కొట్టేది. లిఫ్టులో ఉండగానే ఐదో అంతస్తువాడి తప్పు పసిగట్టి, "నలభయ్యో లైను చూసుకో నాయనా" అని ఫోన్ చేసేది. ఒకసారి పక్కవీధి కంపెనీ తప్పుకి ఇక్కడ తుమ్మింది! ఎవరూ వింతపడలేదు. ఆమెకు జలుబు చేస్తే రిలీజ్ వాయిదా వేసేవాళ్లు, అంతే.

తర్వాత కోడ్ రాసే ఏఐ వచ్చింది. కన్ను మూసి తెరిచేలోగా లక్ష లైన్లు.

"నీకు చేదోడుగా ఉంటుందక్కా," అన్నాడు మేనేజరు. "నువ్వు వాసన చూసి దిద్దు. ఎందుకు తప్పో కింద రాయి."

కారణం రాయనిదే దిద్దుబాటు చెల్లదు, అది ఆ ఆఫీసు పద్ధతి. మిగతావాళ్లు ఏదో ఒక్క మాట గీకి వదిలేసేవాళ్లు. ముక్కక్క మాత్రం వాసన ఎక్కడ మొదలైందో, అడుగంటిందో పొంగిందో విడమరిచి, చివర "మాడుతోంది, దించండి" అని రాసేది.

"అంతా విప్పి చెప్పకే తల్లీ," అన్నాడు టీ కాచే డికాషన్ మావయ్య. "రేపు నీకేం మిగులుతుంది?"

"ముక్కు నా దగ్గరే ఉందిగా మావయ్యా!"

కారణం రాసిన ప్రతిసారీ వాసన కాస్త పలచబడింది. ఏడాది తిరిగేసరికి ఆమెకు ఏదీ మాడడం లేదు. ఆమె రాతలన్నీ ఒంటబట్టిన ఏఐ తన తప్పులు తానే దిద్దుకుంటోంది.

"ఇక విశ్రాంతి తీసుకో అక్కా," అన్నాడు మేనేజరు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఆఖరి సాయంత్రం ఆమె బ్యాగుతో ఆఫీసు వంటగదికి వచ్చింది.

"పాలు చూస్తుండమ్మా, కప్పులు పంచి వస్తా," అని మావయ్య హాల్లోకి వెళ్లాడు. ఆమె పొయ్యికి వీపు పెట్టి కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడింది.

హాల్లో రెండొందల కంప్యూటర్లమీద ఒక్కసారే అక్షరాలు వెలిగాయి: "మాడుతోంది, దించండి."

మావయ్య ట్రే పడేసి పరుగెత్తాడు. వంటగది నిండా పొగ. ముక్కక్క ఇటు తిరిగింది.

"ఏమైంది మావయ్యా?"

అబద్ధమంటారా? డికాషన్ మావయ్యని అడగండి. ఆ గిన్నె ఇప్పటికీ తోముతూనే ఉన్నాడు.