ముందే కొట్టిన పేరు

నేను ఒక స్టీలు బిందెను. పదిహేను లీటర్లు పడతాను. నా పొడవు, వెడల్పు, బరువు అన్నీ ఇంట్లో నీళ్లు మోయడానికి తగ్గట్టే ఉన్నాయి. నా బతుకు మాత్రం ఫుట్‌బాల్‌లో గడిచింది.

మద్రాసు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. స్టీలు రేకును యంత్రం కింద పెట్టి నొక్కి నా పై సగం ఒకచోట, కింది సగం ఒకచోట తయారు చేశారు. తర్వాత రెంటినీ నడుము దగ్గర అతికించి, అతుకు కనబడకుండా రుద్దారు. నాతోపాటు పుట్టిన బిందెలు చాలామటుకు పెళ్లిళ్లకు పోయాయి. నేను లారీ ఎక్కి అనంతపురం జిల్లాలోని రాగులకుంటకు వచ్చి, స్టీలు సామాన్ల కొట్టులో పై అర మీద ఆరు నెలలు కూర్చున్నాను.

ఆ ఊరికీ, పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎర్రదొడ్డికీ పడదు. ఎందుకు పడదని అడిగితే రెండు ఊళ్లవాళ్లూ కాసేపు ఆలోచించి, వేరువేరు కారణాలు చెబుతారు. రెండింటిలోనూ డిగ్రీ కాలేజీలున్నాయి. రెండింటిలోనూ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లున్నాయి. రెండు జట్లకూ ఏటా ఒక పోటీ పెట్టాలని పెద్దమనుషులు అనుకున్నారు. స్నేహం పెరుగుతుందని వాళ్ల ఉద్దేశం. మనుషులు స్నేహం పెంచడానికి ఎప్పుడూ పోటీయే ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మా వైపు పందెం ఏదైనా బహుమతి స్టీలు సామానే. ముగ్గులకు గిన్నె, పరుగుకు టిఫిన్ డబ్బా, కబడ్డీకి బకెట్టు. మొదటి ఏడాది ముఖ్య అతిథి స్టీలు కొట్టు యజమానే కాబట్టి, కొట్టులో ఎవరూ కొనని నన్ను కిందికి దించి తెచ్చాడు. గెలిచిన పిల్లలు నన్ను నెత్తి మీదికెత్తి ఫొటో దిగారు. ఫొటో అయిన మరుక్షణం వాళ్ల కెప్టెన్ తనకు తెలియకుండానే నన్ను చంకలో పెట్టుకుంది. ఆ తర్వాత నన్ను గెలిచిన ప్రతి కెప్టెనూ అదే చేసింది. కప్పును చంకన పెట్టుకునే ఫుట్‌బాల్ మా దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదనుకుంటాను.

గెలిచినవాళ్ల పేరు నా మీద కొట్టించాలన్నది ఆనవాయితీ. మా వైపు పేరు లేని సామాను దిక్కులేని సామాను. పెళ్లి విందులో ఇంటింటి నుంచీ తెచ్చిన గంగాళాలు, గరిటెలు కలిసిపోతాయి. ఎవరివి వాళ్లకు చేరాలంటే పేరొక్కటే సాక్ష్యం. పేరున్నవాళ్లదే సామాను. అంతకు మించిన చట్టం మా ఊళ్లలో లేదు.

పన్నెండేళ్లు ఆడారు. పన్నెండేళ్లూ నా మీద ఎర్రదొడ్డి పేరే పడింది. రాగులకుంట ఓడిపోవడంలో మాత్రం ఏనాడూ ఒకే దారి తొక్కలేదు. ఒక ఏడు బంతి పగిలింది. ఒక ఏడు జట్టులో ఏడుగురికి విషజ్వరం వచ్చింది. ఇంకో ఏడు గోలు వైపు రాని బంతి ఒక కుక్కకు తగిలి లోపలికి పోయింది. ఆ కుక్క ఏ ఊరిదని మూడు వారాలు వాదించుకున్నారు. చివరికి అది రైల్వే గేటు దగ్గరిదని, ఇద్దరికీ చెందదని తేల్చి గోలు ఖాయం చేశారు.

రాగులకుంట జట్టుకు ఆట నేర్పేది వ్యాయామ అధ్యాపకుడు ఓబుళపతి సార్. పొట్టి మనిషి, మైదానం ఎండలో ఏళ్ల తరబడి ఎండిన మెడ, ఆ మెడలో ఒక ఈల. ఎర్రదొడ్డి జట్టుకు ఖాజా హుసేన్ సార్. ఆట ముగిశాక ఇద్దరూ బస్టాండులో ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవాళ్లు. గెలిచినాయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఓడినాయన కుక్క సంగతి ఎత్తేవాడు.

పదమూడో ఏడు ఓబుళపతి సార్ రిటైర్ కావలసిన ఏడు. జూలై నెలాఖరుకు ఉద్యోగం అయిపోతుంది. ఆట జూలై మూడో ఆదివారం, రాగులకుంట మైదానంలోనే. ఆయనకు ఒక్కటే కోరిక. పోయేలోగా నా మీద తన కాలేజీ పేరు చూడాలి. వీడ్కోలు సభలో నన్ను బల్ల మీద పెట్టాలి. అంతకు మించి ఆయన దేవుణ్ణి ఏమీ అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఆట ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరివాళ్లు నన్ను ముందే తెచ్చి తోమిపెట్టాలి. ఆ విధంగా జూన్‌లోనే నేను ఓబుళపతి సార్ ఇంటికి చేరాను. ఆయన పంచాంగం తిరగేసి కంగారు పడ్డాడు. ఇంకో మూడు రోజుల్లో ఆషాఢం. దాని వెనకాలే ఆ ఏడు శ్రావణమంతా మూఢం. అంటే రెండు నెలలు పెళ్లిళ్లు లేవు. పెళ్లిళ్లు లేకపోతే సామాన్ల మీద పేర్లు కొట్టే చౌడప్పకు పని లేదు. పని లేకపోతే అతడు స్టీలు కొట్టు ముందున్న తన స్టూలు, మిషను లోపల పెట్టి, పల్లెకు పోయి వేరుశనగ వేసుకుంటాడు. జిల్లాలో అంత గుండ్రంగా అక్షరం కొట్టేవాడు ఇంకొకడు లేడు. ఆట గెలిచేనాటికి చౌడప్ప ఉండడు. చౌడప్ప తిరిగొచ్చేనాటికి ఓబుళపతి సార్ ఉద్యోగంలో ఉండడు.

ఆ సాయంత్రమే సార్ నన్ను స్కూటరు ముందు పెట్టుకుని కొట్టుకు తీసుకుపోయాడు. చివరి ముహూర్తం పెళ్లి సామాను మధ్య కూర్చుని ఉన్నాడు చౌడప్ప.

"గెల్చినారా సార్?" అని అడిగాడు, నన్ను ఒళ్లోకి తీసుకుంటూ.

"గెలుస్తాం లే. ఈసారి హంపమ్మ ఉంది."

హంపమ్మ రాగులకుంట జట్టు కెప్టెన్. ఆ పిల్ల కాలికి బంతి తగిలితే వదిలేది కాదు.

చౌడప్ప నా వైపు చూసి నవ్వాడు. "పెండ్లి కాకముందే పెండ్లికూతురు పేరు కొడతానే ఉండా గదా సార్. ఇదీ అట్లనే. ఒక్కోసారి పెండ్లి నిల్సిపోతాది. పేరు మాత్రం నిల్సే ఉంటాది" అని మిషను ఆన్ చేశాడు.

చక్కిలిగింతకూ నొప్పికీ మధ్యలో ఉంటుంది ఆ పని. పది నిమిషాల్లో నా పొట్ట మీద 'విజేత – రాగులకుంట డిగ్రీ కాలేజీ' అని ఏడాదితో సహా పడింది. సార్ వేలితో ఒకసారి తడిమి చూశాడు. దారిలో రెండుచోట్ల స్కూటరు ఆపి మళ్లీ చూశాడు.

ఇంట్లో ఆయన భార్య సువర్ణమ్మ చదివి, తల పట్టుకుంది. "ఆలు లేదు చూలు లేదని పెద్దోళ్లు ఊరికే అన్లేదు. ఎవురన్నా చూస్తే ఏం చెప్తావు?" అంది. ఎవరూ చూడరని ఆయన అన్నాడు. ఆమె తన పాత ఎర్రచీర చింపి నాకు మెడ నుంచి కాళ్ల దాకా చుట్టి, సుతిలితో కట్టింది. ఆ మూడు వారాలు నేను చూలింత మనిషిలా చీరకట్టుకుని బీరువా పక్కన కూర్చున్నాను.

ఆదివారం వచ్చింది. జూలైలో మా వైపు గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. గుట్టల మీద గాలిమరలు ఆగకుండా తిరుగుతాయి, గేదెలు గాలికి వీపు పెట్టి నిలబడతాయి. నన్ను మైదానం అంచున బల్ల మీద పెట్టారు. నన్ను ఎందుకు చుట్టారని ఎవరో అడిగితే, దిష్టి తగలకుండా అని ఓబుళపతి సార్ చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు. మా వైపు ఆ కారణాన్ని కాదనేవాళ్లు లేరు.

మొదటి సగంలో ఎర్రదొడ్డి కెప్టెన్ దిల్షాద్ గోలు కొట్టింది. ఓబుళపతి సార్ మొహం నల్లబడింది. రెండో సగం మొదలైన కాసేపటికే హంపమ్మ నలుగురిని దాటుకుని వచ్చి సమం చేసింది. అక్కడి నుంచి రాగులకుంట పిల్లలు ఆడిన ఆట పన్నెండేళ్లలో నేను చూడలేదు. ఎర్రదొడ్డి పిల్లలు అలిసిపోయారు, కాళ్లు ఈడుస్తున్నారు. ఇంకో పది నిమిషాలుంది. సార్ పెదవులు కదులుతున్నాయి. నా మీది అబద్ధం నిజమయ్యే వేళ దగ్గరికొచ్చిందని నాకూ అనిపించింది.

అప్పుడు గాలి వచ్చింది. సుతిలి తెగింది. సువర్ణమ్మ చీర గాలిపటంలా లేచి గోలు స్తంభానికి చుట్టుకుంది. ఎండంతా నా పొట్ట మీద పడింది.

మొదట చూసింది ఎర్రదొడ్డివాళ్లు. వాళ్లవైపే తిరిగి ఉన్నాను మరి. నవ్వు ఒక మూల మొదలై మైదానమంతా పాకింది. ఖాజా హుసేన్ సార్ నవ్వలేదు. దగ్గరికొచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, ప్రతి అక్షరం చదివాడు. బంతి బయటికి పోయి ఆట ఆగినప్పుడు దిల్షాద్‌ను పిలిచి నా వైపు వేలు చూపించాడు.

"చదువమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ పిల్ల చదివింది. మిగతావాళ్లకు చెప్పింది. అంతవరకూ కాళ్లీడుస్తున్న పదకొండుమందీ ఒక్కసారి నిటారుగా నిలబడ్డారు. తర్వాత ఏడు నిమిషాల్లో రెండు గోల్సు కొట్టారు. కుక్కతో పని పడలేదు.

ఆట ముగిశాక అసలు చిక్కు వచ్చింది. నన్ను చేతికిస్తే దిల్షాద్ తీసుకోలేదు. "పక్కింటోళ్ల పేరున్న బిందెను మా ఇంట్లో ఎట్ల పెట్టుకోవాల సార్? దొంగిల్చుకొచ్చినారంటారు" అంది. చట్టం ఆమె వైపే ఉంది. స్టీలు మీద పడిన పేరు చెరపడం కుదరదు. చెరిపితే గుంట పడుతుంది, గుంట పడితే కారుతుంది. అలా ఓడిన ఊళ్లోనే ఉండిపోయిన కప్పును నేనొక్కదాన్నే అయ్యాను.

అందరూ పోయాక హంపమ్మ ఓబుళపతి సార్ దగ్గరికి వచ్చింది. మోకాలి నుంచి రక్తం కారుతోంది. గట్టిగా ఏమీ అనలేదు.

"మా కాళ్లను నమ్మినారా సార్, పంచాంగాన్ని నమ్మినారా?" అని అడిగింది.

ఆయన ఈలను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆమె నిలబడలేదు.

నెలాఖరున వీడ్కోలు సభ జరిగింది. ప్రిన్సిపాల్ మేడం ఆ ఊరికి కొత్త. ఆట రోజు ఊళ్లో లేదు. ఆఫీసులో నన్ను చూసి, పొట్ట మీది అక్షరాలు చదివి, సంతోషపడి తనే నన్ను సభలో బల్ల మీద పెట్టించింది. పూలదండ కూడా వేయించింది. మైకు ముందు నా మీది మాటలు పైకి చదివి, పన్నెండేళ్ల కృషి ఫలించిందని, ఇంతకంటే గొప్ప వీడ్కోలు ఏ గురువుకు దొరుకుతుందని అంది. వెనక వరసల్లోని అధ్యాపకులు చప్పట్లు కొట్టారు. ఫుట్‌బాల్ పిల్లలు మూడో వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పిలుపందుకుని వచ్చిన ఖాజా హుసేన్ సార్ మొదటి వరసలో కూర్చుని తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

ఓబుళపతి సార్ కోరుకున్నది అచ్చం అదే సభ. అదే బిందె, అదే పేరు, అదే మైకు. నోరు మూసుకుని శాలువా కప్పించుకుంటే చాలు. కాదనేవాళ్లు ఎవరూ లేరు. ఎర్రదొడ్డి సార్ కూడా కాదనడని ఆయన కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది.

సార్ లేచాడు. మైకు ఎత్తు ఆయనకు అందలేదు. దాన్ని కిందికి వంచడానికి కొంతసేపు పట్టింది.

"మేం గెలవల్యా మేడం. గెలుస్తామని నేనే ముందు రాయించినా. పిల్లోళ్లు గెలిచేటట్లే ఆడినారు. నేను రాయించిందాన్ని చూసి అవతలోళ్లకు రోషమొచ్చింది. ఓడింది నేను, వాళ్లు కాదు."

మేడం చేతిలో శాలువా అలాగే ఉంది. ఓడినవాళ్లకు శాలువా కప్పవచ్చా లేదా అని ఆమె పక్కనున్న వైస్ ప్రిన్సిపాల్‌ను అడగడం మైకులో అందరికీ వినబడింది. మూడో వరసలోంచి హంపమ్మ లేచి వచ్చి, మేడం చేతిలోంచి శాలువా తీసుకుని, సార్‌కు తనే కప్పింది. తిరగేసి కప్పింది. ఎవరూ సరిచేయలేదు.

మూఢం వెళ్లాక చౌడప్ప పల్లె నుంచి వచ్చాడు. రిటైరైన ఓబుళపతి సార్ నన్ను మళ్లీ స్కూటరు మీద పెట్టుకుని అతడి దగ్గరికి తీసుకుపోయాడు. చెరపలేనని, కావాలంటే ఇంకా రాయగలనని చౌడప్ప అన్నాడు. సార్ ఒక చీటీ ఇచ్చాడు. నా మీది ఆ మాట కిందే, అంతే గుండ్రని అక్షరాలతో, 'పై మాట నిజం కాదు – ఓబుళపతి' అని పడింది. దాని కింద ఎర్రదొడ్డి పదమూడో గెలుపు. అప్పుడు గానీ దిల్షాద్ నన్ను చంకకెత్తుకోలేదు.

ఇప్పుడు నేను ఎర్రదొడ్డి కాలేజీలో అద్దాల బీరువాలో ఉన్నాను. వచ్చినవాళ్లు నా చుట్టూ తిరుగుతారు. పదమూడు గెలుపులను కళ్లతో దాటేసి ఆ ఒక్కచోట ఆగుతారు. నవ్వుతారు. తర్వాత ఈ ఓబుళపతి ఎవరు, ఎలాంటివాడు, ఇప్పుడెక్కడున్నాడు అని ఖాజా హుసేన్ సార్‌ను అడుగుతారు. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి మొత్తం చెబుతాడు.

వాళ్లు పోయాక బీరువా తెరిచి, జేబులోంచి గుడ్డ తీసి నన్ను తుడుస్తాడు.

"పదమూడేండ్లు నిజంగా గెలిచినా. ఒక్కడన్నా నా పేరు అడగల్యా" అని నాతో గొణుగుతాడు. గొణుగుతూనే ఆ అబద్ధం మీద, దాని కింద ఉన్న నిజం మీద దుమ్ము నిలవకుండా ఒక్కో అక్షరంలోకీ గుడ్డ కొస దూర్చి తుడుస్తాడు.