ముందు వరుసలో సదయ్య

ఆ ఆదివారం పొద్దున సదయ్య ఇంట్లోవాళ్లకు మూడోసారి చెప్పాడు. తోమాసు ఇంట్లో ప్రార్థన నడుస్తున్నంతసేపు ఎవరూ నోరు విప్పకూడదు. ఫోన్లు ఆపెయ్యాలి. భోజనం ఎప్పుడని అడగకూడదు. మధ్యలో లేవకూడదు.

"మాకు తెల్వదా ఏంది? చిన్నపోరగాండ్లమా?" అంది భార్య పూలమ్మ. అంటూనే చేతిసంచిలో కొబ్బరికాయ, అగరుబత్తుల ప్యాకెట్టు సర్దింది.

సదయ్య సంచి లాక్కుని రెండూ బయట పెట్టాడు. "వాళ్లింట్ల కొబ్బరికాయ ఎవరు కొడ్తరే?"

"మంచికార్యానికి ఉత్త చేతుల్తోని పోతరా?"

"ఆపిల్ పండ్లు కొన్న గదా!"

"ఆపిల్ పండ్లు దవాఖానకు తీస్కపోతరు," అని ఆమె మూతి తిప్పింది.

గోదావరిఖనిలో గనిని బాయి అంటారు. సదయ్య, తోమాసు ఒకే బాయిలో ఇరవై ఏడేళ్లు పనిచేశారు. సదయ్య రెండేళ్ల కిందట రిటైరయ్యాడు, తోమాసు మొన్న నెలాఖరుకు. కాళ్లూ చేతులూ బాగుండగా ఇల్లు చేరినందుకు తోమాసు దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే కూడిక పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి మరీ పిలిచాడు. పిలుపు లేకపోయినా సదయ్య వెళ్లేవాడే. ఎందుకంటే షిఫ్టు ఎక్కే ముందు బాయి దగ్గర అందరూ మైసమ్మకు దండం పెట్టుకుంటుంటే తోమాసు టోపీ తీసి పక్కన నిలబడేవాడు. మొక్కేవాడు కాదు. కానీ ఇన్నేళ్లలో ఒక్కనాడు కూడా "జల్ది కానియ్యుండ్రి" అనలేదు, ఆ కాసేపూ ఎవరితో ముచ్చట పెట్టలేదు. ఈ పొద్దు ఆ మర్యాద తను చూపించాలని సదయ్య పట్టుదల.

పూలమ్మతో అంత భయం లేదు, ఆమెను కసరొచ్చు. అసలు గుబులు అల్లుడు వేణుమాధవ్‌తోనే. అతను కరీంనగర్‌లో కార్ల షోరూంలో పని చేస్తాడు. కూతురు సంధ్యారాణికి సెలవు దొరక్క ఒక్కడే వచ్చి రెండు రోజులుగా ఇంట్లో ఉన్నాడు. అల్లుణ్ని ఇంట్లో వదిలి వెళ్లలేరు, తీసుకెళితే ఏమీ అనలేరు.

"మామా," అన్నాడు దారిలో వేణుమాధవ్, "వాళ్లు కండ్లు మూస్కుంటె మనం గూడ మూస్కోవాల్నా? గట్ల మూస్కుంటె వాళ్లల్ల కలిసినట్టు గాదా?"

"మూస్కోకున్నా ఏంగాదు బిడ్డా. నిమ్మళంగ కూసుంటె సాలు."

"మరి ఆమెన్ అంటరు గదా, అప్పుడో?"

"అప్పుడు గూడ నిమ్మళంగనే."

తోమాసు క్వార్టర్ ముందు షామియానా వేశారు. నూరు కుర్చీలకు పైనే ఉన్నాయి. సదయ్య చివరి వరుసలో కుర్చీ లాక్కుంటుంటే తోమాసు భార్య ఎలిజబెత్ పరుగున వచ్చింది. "గిక్కడ కూసుంటరా అన్నా? మీరు మాకు బయటోళ్లా?" అని ముగ్గురినీ తీసుకెళ్లి ముందు వరుసలో, మైకుకు ఎదురుగా కూర్చోబెట్టింది. సదయ్యకు అప్పుడే చెమటలు పట్టాయి.

పాట మొదలైంది. పూలమ్మకు హుషారొచ్చి చప్పట్లు కొట్టింది. పాట ఒక దారి, ఆమె చప్పట్లు ఒక దారి. సదయ్య మోచేత్తో పొడిచాడు. పాట ఆగింది, ఆమె ఇంకో రెండు కొట్టి ఆపింది.

మంచిర్యాల నుంచి వచ్చిన పాస్టరు, పడుచువాడు, చేతిలో కాగితం పట్టుకుని "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. తలలు వంగాయి. ఆడవాళ్లు కొంగులు కప్పుకున్నారు, వాళ్లను చూసి పూలమ్మ కూడా కప్పుకుంది. బాగానే ఉంది అనుకునేలోపే కొంగు చాటు నుంచి గుసగుస వినిపించింది.

"బగారన్నం వాసనస్తుంది గదా?"

"ఉష్!"

"ఉత్తగనే అన్న."

ఆమెను ఆపి ఇటు తిరిగేసరికి అల్లుడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. సదయ్య వద్దని చెయ్యి ఊపాడు. మామ వీడియో కోసం చెయ్యి ఊపుతున్నాడనుకుని అల్లుడు ఫోన్ ఇటు తిప్పాడు. అంతలో అదే ఫోన్ డీజే పాటతో మోగింది. కట్ చేస్తాడనుకున్నాడు సదయ్య. వేణుమాధవ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఆ సార్, చెప్పండి... ఆ బండి రేపొస్తది సార్... లేదు సార్, ప్రార్థనల ఉన్న... మాది గాదు సార్, మా మామ దోస్తుది... ఇప్పుడే అయిపోతది."

సదయ్య కళ్లెర్రజేశాడు. అల్లుడు ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు. సదయ్య చేతులు జోడించాడు. అల్లుడు తల ఊపి, అవతలివాడి మాటకు కిసుక్కున నవ్వాడు.

ఆ నవ్వుతో సదయ్య ఓపిక నశించింది. కుర్చీలోంచి లేచాడు.

"ఫోన్ బంద్ జెయ్యరా బేకూఫ్!"

ఏళ్ల తరబడి బాయిలో మిషన్ల హోరు మీద అరిచిన గొంతు అది. ఎదురుగా మైకు ఉంది. ఆ అరుపు వీధి చివరిదాకా వినిపించింది. పాస్టరు చేతిలో కాగితం జారిపోయింది. నూరు జతల కళ్లు ఒక్కసారి తెరుచుకున్నాయి. అప్పటికి ఫోన్ జేబులో ఉంది, వేణుమాధవ్ చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. కొంగు కప్పుకుని పూలమ్మ దేవతలా కూర్చుంది. వేలు చూపిస్తూ నిలబడ్డది సదయ్య ఒక్కడే.

"పర్వాలేదు పెద్దాయనా, కూర్చోండి," అన్నాడు పాస్టరు. కాగితం తీసుకుని దులిపాడు. ఎక్కడ ఆపాడో అతనికి గుర్తురాలేదు. "మళ్లీ మొదటినుంచి ప్రార్థన చేసుకుందాం," అన్నాడు. వెనకాల ఎవరో ఉసూరుమన్నారు.

లేచి వెళ్లిపోదామనిపించింది సదయ్యకు. వెళితే అదొక అవమానం. అల్లుడి వైపు చూసే ముఖం లేదు, భార్య వైపు చూసే ధైర్యం లేదు. చేసేదేమీ లేక తల వంచుకుని పాస్టరు మాటలు విన్నాడు.

"తండ్రీ, నీ దాసుడు తోమాసు మీద పైనుంచి బండ జారిన దినమున, అతనిని వెనక్కి లాగిన సదయ్యను బట్టి నీకు స్తోత్రము. అతని భార్యను, కూతురును, అల్లుని దీవించుము."

"ఆమెన్," అన్నారందరూ.

అందరూ తలలెత్తినా సదయ్య ఎత్తలేదు. పదకొండేళ్ల కిందటి మాట అది. బాయిలో ఒకరినొకరు లాగడం మామూలే. మళ్లీ ఆ ముచ్చట తోమాసూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

భోజనాల దగ్గర ఎలిజబెత్ ప్లేటు తెచ్చిస్తే అడిగాడు. "గా ముచ్చట పాస్టరయ్యగారికెవరు జెప్పిండ్రమ్మా?"

"మీ బావనే కాయితం మీద రాసిచ్చిండన్నా. అన్నిట్లకంటె ముంగట నీ పేరే. మొదాలు జేసినప్పుడు గూడ సదివిండు గదా, నువ్వు ఇన్లేదా?"

మొదటిసారి ప్రార్థన అంతా సదయ్య చూసింది పూలమ్మను, అల్లుణ్ని. ఒక్క ముక్క చెవిన పడలేదు. ఎవరి మీద విసుక్కోవాలో తెలియక తన మీదే విసుక్కున్నాడు.

తోమాసు వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"తప్పైంది బావా," అన్నాడు సదయ్య. "నీ ప్రార్థన కరాబ్ జేసిన."

తోమాసు పడీపడీ నవ్వాడు. "బండ జారిన్నాడు గూడ గిట్లనే అరిసినవు బావా. గా అరుపుకే నేను ఎనక్కి సూసిన. పో, ముందుగాల అల్లుని దగ్గరికి పో. కోపంల నోట్లె బుక్క గూడ పెట్టలే."

వేణుమాధవ్ చేతులు కడుక్కునే డ్రమ్ము దగ్గర అలిగి నిలబడ్డాడు. పూలమ్మ అప్పటికే అక్కడ బతిమాలుతోంది. భర్తను చూడగానే, "ప్రార్థనల గట్ల అరుస్తరా ఎవలన్న?" అంది.

సదయ్య పళ్లు బిగబట్టాడు. తర్వాత అల్లుడి ముందుకు వెళ్లి, "నలుగుట్ల 'రా' అన్న. మనసుల వెట్టుకోకు బిడ్డా," అన్నాడు.

"పర్వాలేదు మామా," అన్నాడు వేణుమాధవ్. ఇంకేదో అనబోయాడు. జేబులో డీజే పాట మోగింది. "ఒక్క నిమిషం మామా," అని ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

సదయ్య నోరు తెరిచాడు. పూలమ్మ చటుక్కున ఆయన మోచెయ్యి పట్టుకుని బగారన్నం దిక్కు లాక్కుపోయింది.