చర్చి నేలమాళిగలో చెల్లని ఓట్లు

వెండెల్ స్టౌట్ హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. పాఠం చెప్పడం మాత్రం మానలేదు. మా లోగన్స్ ఫెర్రీ చరిత్ర సంఘానికి అతనే అధ్యక్షుడు, అతనే వక్త, చాలాసార్లు సభికుడు కూడా అతనే. ఇప్పుడు ఇంటర్నెట్‌లో, ఎవరైనా రాయగల విజ్ఞాన సర్వస్వంలో, మా జిల్లా కాంగ్రెస్ ఎన్నిక వివాదం మీద వ్యాసం రాశాడు. నేను హైస్కూల్లో ఉండగా జరిగిన గొడవ అది. వాషింగ్టన్ చట్టసభలో మా సీటు ఎవరిదో తేలక నెలల తరబడి ఖాళీగా ఉండిపోయింది.

ఆ వ్యాసానికి ‘మంచి వ్యాసం’ అన్న ముద్ర పడాలంటే, అందులో ఒక్క ముక్క కూడా రాయని మనిషి ఎవరైనా దాన్ని పరీక్షించాలి. మా వైపు పక్షుల గురించి అక్కడ నేను అప్పుడప్పుడు రాస్తుంటానని వెండెల్‌కు తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక కారు దగ్గర పట్టుకున్నాడు.

“డార్లా, నువ్వే చూసిపెట్టాలి. కామాలు సరిచూసి సరే అనెయ్. చరిత్ర సంగతి నేను చూసుకున్నాలే. సంఘం విందులో ప్రకటించుకోవాలి.”

ఇంటికొచ్చి చదివాను. కామాలకు కొదవ లేదు. మూడో పేరాలో ఈ వాక్యం ఉంది: ‘రెండో క్లార్కు పొడి సంతకాన్ని కూడా క్లార్కు ఓపల్ క్రిడర్ తానే గీకడంతో ఆ కేంద్రంలోని ఓట్లు చెల్లలేదు.’

ఓపల్ క్రిడర్ మా అమ్మ. మా ఇంట్లోనే ఉంటుంది. కంప్యూటర్ నాకన్నా బాగా వాడుతుంది.

మా దగ్గర ప్రతి ఓటు కాగితం వెనకా పార్టీకొకరు చొప్పున ఇద్దరు క్లార్కులు ఎవరి చేత్తో వారు పొడి సంతకం పెట్టాలి. ఆ రోజు చర్చి నేలమాళిగలో ఒకవైపు పోలింగు, పక్క వంటగదిలో ఆడవాళ్ళు ఎన్నికల భోజనానికి చేస్తున్న కోడి నూడుల్సు. రెండో క్లార్కు మావిస్ స్టౌట్, వెండెల్ తల్లి. గిన్నె అడుగంటుతోందని లేచి, “నాది కూడా వేసెయ్ ఓపల్” అని వెళ్ళిపోయింది. అమ్మ వేసింది. పార్టీలు వేరైనా పక్కపక్క ఇళ్ళు. కాదంటే ఏం బాగుంటుంది? ఓడినవాడికీ గెలిచినవాడికీ మధ్య తేడా ఆ ఓట్లకన్నా తక్కువ. కోర్టులో మావిస్ తనకేమీ తెలియదంది. ఊళ్ళో సగం మంది అమ్మతో మాట్లాడటం మానేశారు.

మర్నాడు వెండెల్‌ను పిలిచాను. వంటింట్లో అమ్మ బీన్సు విరుస్తోంది.

“ఈ వాక్యానికి ఆధారం ఏమిటి?”

“కిందే ఇచ్చానుగా.”

“అది నీ పుస్తకం.”

“అచ్చయిన పుస్తకం.”

“నువ్వు డబ్బిచ్చి వేయించుకున్నది. అందులో ఎవరు చెప్పారని రాశావు?”

“స్థానిక ప్రత్యక్ష సాక్షి.”

“ఆ సాక్షి నిన్ను పాలిచ్చి పెంచిందా?” అంది అమ్మ.

వెండెల్ గొంతు సవరించుకున్నాడు. “ఓపల్ ఆంటీ, ఇందులో వ్యక్తిగతం ఏమీ లేదు. అక్కడ తటస్థంగా రాయాలి.”

“ఒరే వెండెల్, తటస్థంగా రాస్తే నా పేరొక్కటే ఎట్లా వచ్చిందిరా?”

“మా అమ్మ పోయింది కదా. పోయినావిణ్ణి లాగడం మర్యాదా?”

“నేనింకా పోలేదు. అదే నేను చేసిన తప్పు కాబోలు.”

అతను నా వైపు తిరిగాడు. “మీ అమ్మ మాటకు అచ్చులో ఆధారం లేదు డార్లా. నియమం నియమమే.”

అతను చెప్పిన నియమం అబద్ధం కాదు. వెండెల్ తల్లి మాట వెండెల్ పుస్తకంలోకి ఎక్కింది కాబట్టి చరిత్ర. మా అమ్మ మాట వంటింట్లోనే ఉండిపోయింది కాబట్టి పుకారు. అంత చదువుకున్న మనిషి అంత నిబ్బరంగా ఆ మాట అని, మా కాఫీ తాగి వెళ్ళాడు.

అతని నియమాలే తీసి ముందు పెట్టుకుని, వ్యాసం పక్కనే అందరికీ కనిపించే పేజీలో సమీక్ష రాశాను. సమీక్షకురాలు వ్యాసంలో పేరున్న మనిషి కూతురు, కనుక పరీక్షించే అర్హత ఆమెకు లేదు. వ్యాసకర్త రెండో క్లార్కు కొడుకు, ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు. నింద మోపే వాక్యానికి ఏకైక ఆధారం వ్యాసకర్త పుస్తకం, ఆ పుస్తకానికి ఏకైక సాక్షి వ్యాసకర్త తల్లి. బతికున్న మనిషి మీద ఇలాంటి వాక్యం అక్కడ ఉండటానికి వీల్లేదు, కనుక తీసేశాను. ముద్ర ఇవ్వలేదు.

సాయంత్రానికి ఫోను.

“మా అమ్మను లోకం ముందు నిలబెట్టావు!” అని అరిచాడు వెండెల్.

“నేను ఆవిడ పేరు రాయలేదే.”

“రెండో క్లార్కు ఎవరో ఊళ్ళో ఎవరికి తెలియదు?”

“అందరికీ తెలుసని నువ్వే అంటున్నావు. మరి నీ వ్యాసానికే ఎందుకు తెలియలేదు?”

ఫోను పెట్టేశాడు. వాక్యాన్ని మళ్ళీ చేర్చే ధైర్యం మాత్రం చెయ్యలేదు. దాని చోట ‘సరైన పొడి సంతకాలు లేనందున ఆ ఓట్లు చెల్లలేదు’ అని మాత్రం రాసి ఊరుకున్నాడు.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని తెర మీదికి వంగింది.

“నా పేరు లేదా?”

“లేదమ్మా.”

“మావిస్ పేరు?”

“అదీ లేదు.”

అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“అయితే ఆ ఓట్లు వాటంతటవే పాడైపోయాయన్నమాట,” అని మొహం చిట్లించి తన గదిలోకి వెళ్ళిపోయింది.