రెండోసారి ఉందిగా

కీచురాళ్లు.

బడి వెనక కర్పూర చెట్ల నిండా కీచురాళ్లు. ఎండ ఎక్కకముందే మొదలుపెడతాయి. చెవిలో రంపం పెట్టి కోసినట్టు... ఒకటే రొద.

ఆ రొద మీద ఇంకో రొద. పొద్దున్నే యాభైమంది తొమ్మిదో తరగతి పిల్లలు లేచి నిలబడి, ఎవరి పాఠం వాళ్లు, గొంతు చించుకుని ఇంగ్లీషు అరుస్తారు. అర్థం తర్వాత సంగతి. ముందు నోరు తిరగాలి. చైనాలోని ఈ గ్వెయ్‌జౌ కొండల్లో ఇంగ్లీషు చదువంటే ఇదే.

షూయిన్ కూడా అరిచేది. ఆమె కష్టం గొంతు కాదు.

చెవి.

చూస్తే చదువుతుంది. అడిగితే రాస్తుంది. అదే మాట టేపులోంచి గాలిలోకి వచ్చిందా — ఇక అంతే, ఎవరో తెలియనివాళ్లు ఇంటి ముందునుంచి వెళ్లిపోయినట్టు వెళ్లిపోతుంది. పెద్ద పరీక్షలో మొదటి ఇరవై నిమిషాలూ వినడమే. అవి పోతే జిల్లా హైస్కూలు పోయినట్టే. హైస్కూలు పోతే అమ్మానాన్నలున్న చెప్పుల ఫ్యాక్టరీ — సముద్రం ఒడ్డున ఎక్కడో. వాళ్లు ఏడాదికొకసారి వస్తారు. వచ్చినా వేళ్లకు జిగురు వాసన పోదు.

"నేనుండగా నీకేంటే భయం? మూడేళ్లు బడికెళ్లినోణ్ణి!" అన్నాడు తాత.

తాతకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

కానీ షూయిన్ పుస్తకంలో ప్రతి ఇంగ్లీషు మాట కిందా సన్నటి పెన్సిలుతో చైనా అక్షరాలుంటాయి, ఆ మాట ఎలా పలకాలో. క్లాసులో అందరూ అలాగే రాసుకుంటారు. మేడమ్ చూస్తే చెరిపిస్తుంది... మళ్లీ రాసుకుంటారు. ఆ అక్షరాలు తాతకు వచ్చు. అర్థంతో ఆయనకేం పని? చూరు కింద కూర్చుని, ఒళ్లో చిక్కుడుకాయలు పోసుకుని ఒలుస్తూ, గట్టిగా చదివేవాడు. ఆమె కళ్లు మూసుకుని వినేది.

ఒక్కోటి రెండుసార్లు. పరీక్షలో అలాగే వినిపిస్తారని ఆమే చెప్పింది.

"మొదటిసారి వినబళ్లేదా? పోనీలే. రెండోసారి ఉందిగా. కంగారుపడమాక."

గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులు ఆయనవి. మాట మధ్యలో దగ్గు. దగ్గు ఆగేదాకా ఇంగ్లీషూ ఆగేది. ఆగి, మళ్లీ మొదటినుంచి చదివేవాడు.

చలికాలమంతా కుంపటి దగ్గర. వానలకు చూరు కింద. ఏడాది తిరిగేసరికి ఆయన ఏం చదివినా ఆమెకు తెలిసిపోయేది. ఒక్క మాట జారేది కాదు.

ఆ గర్వంతోనే క్లాసులో టేపు వింది.

మళ్లీ అన్నీ తప్పులే.

"ఏదీ, చదువు" అంది పెంగ్ మేడమ్. షూయిన్ చదివింది — అచ్చం తాత చదివినట్టే, దగ్గు ఒక్కటి తప్ప. క్లాసంతా విరగబడి నవ్వింది.

"ఎవరే తల్లీ నీకు నేర్పింది? ఇంగ్లీషు చదువుతున్నావా, పందుల్ని కుడితికి పిలుస్తున్నావా?"

అయ్యో, ఆ సిగ్గు! భూమి చీలితే బాగుండుననిపించింది. అప్పటికిగాని తెలిసిరాలేదు. ఏడాదిపాటు తను విన్నది ఇంగ్లీషు కాదు.

తాతను.

ఆ మాట ఆయనతో ఎలా అంటుంది? ఇంటికొచ్చి మళ్లీ కళ్లు మూసుకుని కూర్చుంది. ఆయన మళ్లీ రెండుసార్లు చదివాడు.

మే నెలలో మంచం పట్టాడు. పుస్తకం గుండె మీదే ఉండేది. చదవడానికి ఊపిరి చాలేది కాదు.

ఇక్కడ మనిషి పోతే ముందు ఏడవరు. ముందు వాకిట్లో టపాకాయల దండ కాలుస్తారు. పోయినవాడికి దారి తెలిసేది ఆ చప్పుడుతోనే. కాల్చేదాకా పాపం గడప దగ్గరే నిలబడి ఉంటాడట. తాత ఇల్లు వాగుకు అవతల. అక్కడ కాలిస్తే ఇవతల బడి కిటికీలు అదురుతాయి.

తాత తన పెద్దకోడల్ని, షూయిన్ పెద్దమ్మను, పిలిచి ఒట్టు వేయించుకున్నాడు. తలుపు వెనక షూయిన్ అంతా విన్నది.

"దాని వినే ఇరవై నిమిషాల్లో నేను పోయాననుకో. కాల్చమాక. అయ్యాకే కాల్చు."

"ఛీ, అవేం మాటలు మామయ్యా! మిమ్మల్ని గడపలో నిలబెట్టమంటారా?"

"నిలబడతాలే. ఇరవై నిమిషాలేగా! బస్సు కోసం పూటలు పూటలు నిలబడ్డోణ్ణి."

పరీక్ష రోజు ఊరు నోరు మూసుకుంది. లారీలు వంతెన దగ్గరే ఆగాయి. కోత మిల్లు ఆగింది. బాతుల్ని గంపల కింద కప్పెట్టారు. చిన్న తరగతుల పిల్లలు వెదురుగడలతో కర్పూర చెట్లను దులిపి, కీచురాళ్లను తరిమేశారు.

పొద్దున బయల్దేరేటప్పుడు తాత కళ్లు తెరవలేదు. చేయి పట్టుకుంటే రెండు వేళ్లు ఎత్తాడు.

రెండుసార్లు.

స్పీకరు గరగరలాడింది. ఎవరో ఆడగొంతు. నున్నగా, దూరంగా... ఏమీ అర్థం కాలేదు. మొదటి ప్రశ్న పోయింది. రెండోదీ పోయింది. కలం చెమటకు జారుతోంది.

మూడోదానికి పెదవులు కదిపింది.

ఆ మాటల్ని తీసుకెళ్లి తాత నోట్లో పెట్టింది. ఆయన్ని చూరు కింద కూర్చోబెట్టింది. ఒళ్లో చిక్కుడుకాయలు పోసింది. చదవమంది. మధ్యలో దగ్గు వస్తే ఆగింది.

అర్థమైంది!

ఎవరో అమ్మాయి గొడుగు మరచిపోయింది. ఎవరిదో బస్సు తప్పిపోయింది... నాలుగోది. ఐదోది. ఆ గొంతు ఒకవైపు అంటుంటే తాత ఇంకోవైపు చదువుతున్నాడు. ఎంత మెల్లగా, ఎంత ఓపిగ్గా చదివాడని!

పన్నెండో ప్రశ్న దగ్గర ఒక్కటి గమనించింది. తాత దగ్గడం లేదు. గొంతు తేలిగ్గా ఉంది. ఆమెకు సంతోషమే వేసింది.

చివరి ప్రశ్న. రెండుసార్లు. టేపు ఆగింది.

"పేజీ తిప్పండి" అన్నాడు హాల్లో ఉన్న మాస్టారు.

అప్పుడు —

వాగు అవతలనుంచి టపాకాయల దండ.

చాలా పొడుగాటి దండ... కిటికీ అద్దాలు అదిరాయి. పిల్లలు తలలెత్తి, మళ్లీ దించుకున్నారు. మాస్టారు విసుక్కుంటూ వెళ్లి కిటికీ మూశాడు.

"ఎవరో పోయినట్టున్నారు. మీరు రాయండి."

షూయిన్ చేయి పేజీ మీదే ఆగిపోయింది. ఇంకా సగానికి పైగా పేపరు మిగిలే ఉంది.

ఎప్పటినుంచి నిలబడ్డావు తాతా, గడపలో?

లేదు. సరిగ్గా వినబళ్లేదు.

పోనీలే... రెండోసారి ఉందిగా.

కలం పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది.

కర్పూర చెట్టులో ఒక కీచురాయి గొంతు విప్పింది. తర్వాత ఇంకోటి.

తర్వాత అన్నీ.