చప్పుడు లేని తూటా

గోంగూర రెండాకులు తొడిగిందో లేదో, కుందేళ్లు దిగేవి. ఏదో ఆకలికి నాలుగు ఆకులు కొరికి పోవడం కాదు. సాలు ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా, పంక్తిలో కూర్చున్న పెళ్లివారిలా తీరుబడిగా తిని పోయేవి. టెక్సస్‌లో, ప్లేనో నుంచి గంట దూరంలో ఆ నాలుగెకరాలు కొన్నాక వెంకటస్వామి పడని పాట్లు లేవు. తీగ కంచె వేస్తే కింద నుంచి తవ్వుకుని వచ్చాయి. బోను పెడితే పక్కింటివాళ్ల పిల్లి పడింది. కారం చల్లితే గాలి తిరిగి ఆయన కళ్లలోనే పడింది.

టెక్సస్‌లో ఇంకెవరైనా అయితే మొదటి వారమే తుపాకి కొనేవాళ్లు. అక్కడ అదొక వింత కాదు. వెంకటస్వామికి వింత కాకపోయినా కుదరని పని. కారణం ఆయన భార్య పద్మ.

పద్మ ఇంటర్ చదివే రోజుల్లో ఆమె అన్న గోపాల్‌ని ఊరి చివర వాళ్ల ఇంటి వెనక జొన్నచేలో కాల్చేశారు. ఎవరు కాల్చారో ఊరందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. పెళ్లైన కొత్తలో ఒకసారి పద్మ చెప్పింది. తెల్లారుజామున రెండు చప్పుళ్లు విన్నానని, అంతేనని. వెంకటస్వామి మళ్లీ అడగలేదు. అడగకపోవడమే మంచితనం అనుకునే రకం ఆయన. అమెరికా వచ్చాక జూలై నాలుగున, వాళ్ల స్వాతంత్ర్య దినానికి, ఊళ్లో టపాకాయలు పేలుతుంటే ఆమె బాత్రూమ్‌లోకి పోయి, నల్లా తిప్పుకుని, ఫ్యాన్ వేసుకుని కూర్చునేది. మిగతా రోజులు మాత్రం ఏం బాగున్నాయని. ప్లేనో అపార్ట్‌మెంట్‌లో ఏళ్లకేళ్లు పరదాలు దించుకునే బతికింది.

ఈ మట్టి ఆమెను బయటికి లాగింది. నిజానికి ఇండియన్ షాపులకు గోంగూర వేయడం అన్నది పైకి చెప్పుకునే మాట. పద్మ చీర మీద ఆయన పాత చొక్కా తొడుక్కుని, ఎండలో కూర్చుని కలుపు తీస్తుంటే చూడడం కోసం వెంకటస్వామి ఆ నేలను పట్టుకుని ఉన్నాడు.

రెండువేల పదమూడు వసంతంలో, మూడోసారి వేసిన విత్తనం కూడా కుందేళ్ల పాలయ్యాక పద్మ మడి పక్కన చతికిలబడింది.

"ఇంకొక్కసారి ఏస్త," అంది. "గది గూడ పోతే ఇగ నాతోని గాదు. ఫార్మింగ్టన్ హిల్స్‌ల మా అక్క దగ్గరికి పోయి ఉంట."

"ఏదో ఒకటి చేద్దాం తియ్."

"తుపాకి మాత్రం తేకు."

ఆయన ఆ మాట ఎత్తనే లేదు. ఆమెకే తట్టింది. పద్మ ఊరికే ఒక మాట అనే మనిషి కాదని వెంకటస్వామికి తెలుసు. అక్క దగ్గరికంటే అక్క దగ్గరికే. అక్కడ మళ్లీ నాలుగు గోడలు, మళ్లీ పరదాలు. ఆ భయంతో ఆయన బుర్ర ఒక దారి వెతుక్కుంది. ఆమె భయపడేది చప్పుడుకే కదా, చప్పుడే లేకపోతే తుపాకి లేనట్టే కదా అనుకున్నాడు. ఎంత తెలివో చూడండి.

ప్లేనోలో జగన్మోహన్ అని తెనాలి కుర్రాడు ఒకడున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అందరూ గ్యారేజ్‌లో ట్రెడ్‌మిల్ పెట్టుకుని బట్టలు ఆరేసుకుంటే, ఇతగాడు అందులో రైఫిళ్లు, తూటాలు నింపే బల్ల పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఎవరూ అడగని సంగతి ఒకరు వచ్చి అడిగేసరికి అతని మొహం వెలిగిపోయింది.

"కుందేలుకి ట్వంటీటూ అనే చిన్న తూటా చాలన్నా. అందులో మెల్లగా పోయే రకం ఉంటుంది, తలుపు వేసినంత చప్పుడు కూడా రాదు. కాకపోతే ఈ ఏడాది దొరకదు. జనం ఎగబడి కొని ఇళ్లల్లో దాచేసుకున్నారు. ఏ షాప్‌కి వెళ్లినా ర్యాకులు ఖాళీ."

"నువ్వే నింపుతవంట గదా, గవే నింపియ్యి."

"ఆ తూటా ఒకసారి కాలిస్తే అంతేనండీ, మళ్లీ నింపడానికి పనికిరాదు. హార్నెట్ అని ఇంకోటి ఉంది. గుండు అంతే ఉంటుంది, ఇత్తడి గొట్టం మాత్రం మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు. షాప్‌లో కొన్నది యథాతథంగా కాలిస్తే చెవులు గింగురుమంటాయి. అందులో తుపాకిమందు తగ్గించి సీసం గుండు పెట్టామనుకోండి, ధ్వని కంటే నెమ్మదిగా పోతుంది. ఆ పేలుడు ఉండదు."

"ఇంక తగ్గిస్తే?"

"పుస్తకంలో రాసినదానికంటే తగ్గించకూడదన్నా. గుండు బారెల్‌లోనే ఇరుక్కుపోవచ్చు. బయటికొచ్చినా దెబ్బ తగులుతుంది గానీ ప్రాణం పోదు. వదినగారికి చెప్పారా?"

"చెప్త," అన్నాడు వెంకటస్వామి. చెప్పలేదు. జగన్ ఇంట్లో అరలు బిగించాలని చెప్పి శనివారాలు వెళ్లేవాడు. జగన్ తన పాత హార్నెట్ రైఫిల్‌తో పాటు షాప్‌లో కొన్న తూటాలు నాలుగు ఇస్తే, వాటిని తెచ్చి షెడ్‌లో దాచాడు. ఇద్దరూ బల్ల ముందు కూర్చుని, ఇత్తడి గొట్టాలు తుడిచి, చిన్న త్రాసులో మందు తూచి, గుండ్లు బిగించేవాళ్లు. పండక్కి అరిసెల పాకం చూస్తున్నంత శ్రద్ధగా చూసేవాడు వెంకటస్వామి.

తూటా ఎంత నెమ్మదైందో తెలుసుకోవడానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి వంటింటి కిటికీ గట్టున పెట్టేవాడు. రైఫిల్ తీసుకుని పొలం చివర వాగు ఒడ్డుకు పోయి, మట్టిగట్టు మీదికి ఒక తూటా కాల్చి వచ్చేవాడు. తర్వాత షెడ్‌లో కూర్చుని వినేవాడు. మొదటి రకం కుక్కర్ విజిల్‌ని కూడా దాటి వినిపించింది. గిన్నె జారిందేమో అనుకుందట పద్మ. ఆయన అవునన్నాడు. తర్వాతి రకం కాస్త నయం. ఆఖరు రకంలో ఎంత చెవి పెట్టి విన్నా తుపాకి లేదు. నల్లా చప్పుడుంది, కత్తిపీట మీద ఉల్లిగడ్డ తెగుతున్న చప్పుడుంది. వాటి వెనక పద్మ గొంతు ఉంది. ఏదో బతుకమ్మ పాట వరస, మాటల్లేకుండా కూనిరాగం తీస్తోంది.

పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె పాడగా ఆయన వినలేదు. షెడ్‌లో ఎరువు బస్తా మీద కూర్చుని ఆ ముక్కను మళ్లీ మళ్లీ వేసుకుని విన్నాడు. ఏడుపొచ్చింది. ఈ ఒక్క పంట నిలబెడితే చాలు, ఈ పాట ఇక్కడే ఉంటుంది అనుకున్నాడు.

ఆశ పుట్టాక మనిషి ఊరుకోడు. అది వాగు ఒడ్డు నుంచి చేసిన పరీక్ష. గోంగూర మడి ఇంటికి దగ్గర. ఇంకొంచెం నెమ్మది కావాలనిపించింది. జగన్‌ని అడిగితే, "ఇంతకంటే వద్దన్నా" అన్నాడు. ఆపై శనివారం జగన్ టీ తేవడానికి లోపలికి పోయినప్పుడు, వెంకటస్వామి కొన్ని గొట్టాల్లో మందు చిటికెడు తగ్గించి గుండ్లు బిగించేశాడు. బారెల్‌లో ఇరుక్కోకపోవడం ఆయన అదృష్టమో, దురదృష్టమో.

నాలుగోసారి వేసిన గోంగూర మొలిచింది. ఎర్ర కాడలు, రెండేసి ఆకులు. పద్మ రోజుకు పదిసార్లు పోయి చూసుకునేది. ఒక పొద్దున ఆమె వంటింట్లో ఉండగా, సాలు చివర బూడిదరంగు వీపు కనిపించింది. వెంకటస్వామి ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి కిటికీ గట్టున పెట్టి, షెడ్ వెనక మోకాలు వేసి కాల్చాడు.

డబ్బా మూత తీసినంత చప్పుడైంది. ఇంట్లో ఏ కదలికా లేదు. గెలిచాననుకున్నాడు.

అప్పుడు కుందేలు అరిచింది.

కుందేలు అరుస్తుందని ఆయనకు తెలియదు. పుట్టి బుద్ధెరిగాక కుందేలు నోటి వెంట చిన్న కూత కూడా వినలేదు. అది చంటిపిల్ల గొంతుతో, ఊపిరి తీసుకుని మళ్లీ అందుకుంటూ, మొక్కల మధ్య గిరగిర తిరుగుతూ అరిచింది. నడుములో తగిలింది గుండు. వెనక కాళ్లు కదలడం లేదు. గబగబా ఇంకోటి పెట్టి కాల్చాడు. అదీ నెమ్మదిదే. ఎక్కడో మట్టిలో పడింది. అరుపు ఆగలేదు.

పద్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. ఎవరి పసిబిడ్డోనని వచ్చింది. మడి దగ్గర ఆగి కుందేలును చూసింది, ఆయన చేతిలోని రైఫిల్‌ను చూసింది.

"నీకు చప్పుడు వినపడొద్దనే..." అన్నాడు వెంకటస్వామి.

"చప్పుడుకు గాదు," అంది పద్మ. అంత అరుపులోనూ ఆమె గొంతు నెమ్మదిగానే ఉంది. "ఆనాడు రెండు చప్పుళ్లకు మా అన్న పోలే. పొద్దు పొడిచేదాంక అరిసిండు. నీళ్లడిగిండు, అమ్మను పిలిచిండు. తలుపు తీస్తే మమ్ముల గూడ కాలుస్తరని మా నాయిన గడియకు అడ్డం కూసున్నడు. తుపాకి చప్పుడైతే, దాని ఎనక గా అరుపు వస్తదని నాకు భయం. నువ్వు చప్పుడు తీసేసి అరుపొక్కటే ఉంచినవ్."

ఆయన రైఫిల్ దించాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది కదా అన్న సంగతి అప్పుడు తట్టింది.

"దాన్ని గట్ల ఉంచకు. షెడ్‌ల మంచి తూటా లేదా?"

"ఉంది. గట్టిగ పేలుతది. నువ్వు లోపలికి పో."

"తే."

షాప్‌లో కొన్న తూటా తెచ్చి, దగ్గరికి పోయి కాల్చాడు. పొలమంతా దద్దరిల్లింది. పద్మ చెవులు మూసుకోలేదు, కళ్లు కూడా ఆర్పలేదు. కుందేలు ఆగిపోయిందని చూసుకుని, వంగి కాళ్లకంటిన మట్టి దులుపుకుని ఇంట్లోకి నడిచింది.

ఆ వారంలోనే ఆయన ఆమెను కారులో ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్లాడు. దారిలో పద్మ కోపంగా ఒక్క మాట అనలేదు. ఫ్రిజ్‌లో పచ్చడి ఉందని చెప్పింది. ఎప్పుడొస్తావని అడిగితే, కిటికీ వైపు తిరిగి, "నువ్వు ఎదురు సూడకు" అంది.

రైఫిల్ జగన్‌కి తిరిగిచ్చేశాడు. ఇప్పుడు సాయంత్రం పూట కుందేళ్లు బెరుకు లేకుండా వస్తాయి. గోంగూర సగానికి పైగా అయిపోయింది. వెంకటస్వామి వాటిని అదిలించడు. వంటింటి గట్టుకు ఆనుకుని, ఆ పొద్దుటి రికార్డింగ్ వేసుకుంటాడు. నల్లా పారుతుంటుంది, పద్మ కూనిరాగం తీస్తుంటుంది. తుపాకి పేలిన జాడ ఎక్కడా ఉండదు. పాట హఠాత్తుగా తెగిపోయే చోటు ఆయనకు బాగా తెలుసు. అక్కడిదాకా రానివ్వకుండా ఆపి, మళ్లీ మొదట్నుంచి పెట్టుకుంటాడు.