బరువెక్కిన అలివి వల

వేట నిషేధం మొదలై ఇరవై రోజులైంది. ఇంజను బోట్లన్నీ కొత్తపట్నం ఒడ్డున ఇసకలో పడున్నాయి. ఒడ్డు నుంచి మనుషులు లాగే అలివి వలకు మాత్రం అడ్డు లేదు. ఆ పల్లెలో మిగిలిన ఒకే ఒక్క అలివి వల చెంచురామయ్యది. దాన్ని లాగడానికి పాతికమంది కావాలి. మగాళ్ళలో సగంమంది గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిరప టిక్కీలు, ఆ పెద్ద బస్తాలు, మొయ్యడానికి పోయారు.

ఆ పొద్దున నీళ్ళలో కవళ్ళ చేపల గుంపు నల్లగా కదలడం చూశాడు చెంచురామయ్య.

"సుబ్బా! దొరికినోళ్ళందర్నీ పిలవ్వే! కవళ్ళొచ్చినయ్!"

అతని భార్య సుబ్బరావమ్మ ఇంటింటికీ పరిగెత్తి పద్నాలుగు మందిని పోగేసింది. ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆమె తమ్ముడు సంజీవరావు తెడ్లేసుకుంటూ పడవలో పోయి, గుంపు చుట్టూ వల వదిలొచ్చాడు.

ఒడ్డున నిలబడి వల రెండు కొసల తాళ్ళూ పట్టుకుని లాగారు. ఎండ మాడ్చేస్తోంది. వల బరువుగా వస్తోంది.

"బావా, ఈసారి పంట పండింది!" అని సంజీవరావు అరిచాడు. చెంచురామయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళ నుంచీ ఒక్క మంచి లాగుడు లేదు.

చేపలు పోగయ్యే వల సంచి మోకాలిలోతు నీళ్ళలోకి వచ్చింది. లోపల తెల్లగా, గంజి ముద్దల్లా జెల్లీచేపలు. కుప్పలు కుప్పలుగా అవే. వాటి మధ్య నలిగిపోయిన కవళ్ళు గుప్పెడు.

చెయ్యి పెట్టినవాళ్ళకి మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. వల పైకి రావడం లేదు, అలలు వెనక్కి గుంజుతున్నాయి.

"సంచి కోసెయ్యాలి బావా," అన్నాడు సంజీవరావు.

"నోర్ముయ్యరా! లాగండి!"

పెద్ద అల ఒకటి వచ్చింది. తాడు కాలికి చుట్టుకుని సుబ్బరావమ్మ బోర్లా పడింది. నీళ్ళు ఆమెని లోపలికి ఈడ్చుకుపోయాయి. చెంచురామయ్య పరిగెత్తి, ఆమె తలని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో మొలలోని కత్తి లాగి తాడు కోశాడు. తర్వాత తనే వెళ్ళి సంచిని నిలువునా చీల్చాడు.

ఒడ్డున మిగిలిన వల ముక్కల దగ్గర కూలబడ్డాడు. "రేపొస్తారా, బాగుచేద్దాం?" అని అడిగాడు. ఆడవాళ్ళు చేతులు రుద్దుకుంటూ ఇళ్ళకు పోయారు.

"నేనూ గుంటూరు పోతన్నా బావా. మేస్త్రికి మాటిచ్చా," అన్నాడు సంజీవరావు తల వంచుకుని.

చెంచురామయ్య వల ముక్కల్ని ఒక్కడే ఇంటికి ఈడ్చుకుపోయాడు.

మూడు రోజులు వల ముందేసుకుని కూర్చున్నాడు. వాచిన వేళ్ళకి సూది పట్టు దొరకలేదు. నాలుగో రోజు పొన్నూరు వైపు నుంచి ఒక రైతు, చేలో పందులు పడకుండా కట్టుకోవడానికి పాత వలలు వెతుక్కుంటూ వచ్చాడు.

"తీసుకుపో," అన్నాడు చెంచురామయ్య.

"అదేంటయ్యా! మీ నాన్న అల్లిన వల!" అంది సుబ్బరావమ్మ.

"లాగేవాళ్ళేరే?"

వల ఎక్కించుకుని రైతు ఆటో కదిలింది. ఆమె వాకిట్లో నిలబడి ఏడ్చింది. అతను లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వేసవంతా సముద్రం మొహం చూడలేదు.