మొదటి పార వంతు

నీరుగంటి బైరప్ప ఇసుకలో మొదటి పార వేయగానే ఇన్స్పెక్టరు జీపు దిగి వచ్చి ఆయన చెంప మీద కొట్టాడు.

"సర్కారు ఇసుక దొబ్బుతావేమిరా?"

అరవై ఇళ్ళవాళ్ళం గట్టు మీద పారలు పట్టుకుని నిలబడి ఉన్నాం. ఒక్కరమూ గట్టు దిగలేదు. కంట్రాక్టరు జేసీబీ నాలుగు బారల దూరంలో అదే ఇసుకను టిప్పర్లకెత్తుతోంది. దానికి పర్మిటుందట. బైరప్పను కాలరు పట్టి జీపులోకి తోశారు. నేను తల దించుకున్నాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

కన్నడ సరిహద్దులోని మా చిత్రావతి ఏరు ఇరవై ఏళ్ళు ఎండిపోయే ఉండింది. నాలుగేళ్ళ కిందట ఊరంతా ఒక మాట మీదికొచ్చి ఏటి అంచు బోర్లు మూసేశాం. వరి మానేసి రాగి, సాళ్ళ మధ్య అనుములు వేశాం. గట్టు పొడవునా కానుగ, వట్టివేరు నాటాం. ఇసుక నిలిచింది, ఇసుకలో నీళ్ళు నిలిచాయి. అప్పుడు తాతలనాటి ఊటకాలువ మళ్ళీ తవ్వుకున్నాం. ఏటి ఇసుకలో ఊట తగిలేదాకా తవ్వి, ఆ నీళ్ళను పొలాలకు పారించే కాలువ అది. ఏటా పూడుతుంది, ఏటా ఇంటికొక మనిషి వచ్చి తీయాలి. మొదటి పార, ఊరికి నీళ్ళు పంచే నీరుగంటిదే. ఆ తరువాతే మిగతావాళ్ళు. ఈ ఏడు తీయకపోతే రాగి పైరు ఎండుతుంది, కాలువ లేని చోట కంట్రాక్టరు ఇసుకను అడుగు మట్టిదాకా ఊడ్చేస్తాడు.

ఆ మధ్యాహ్నం కళ్ళంలో కూడాం.

"నీరుగంటి లేనిదే పార పెట్టకూడదు. ఆచారం. ఆయప్ప వచ్చేదాంకా ఊరకుందాం" అన్నాడు శ్రీనివాసప్ప. పదెకరాల ఆసామి.

ఎంత హాయిగా అనిపించిందో! అందరి మొహాలూ తేటపడ్డాయి. నా మొహమూ అంతే. నేను అంగన్‌వాడీలో సహాయకురాలిని. కేసు పడితే పని పోతుందని ముందురోజే కంట్రాక్టరు మనిషి మా గడపలో నిలబడి చెప్పిపోయాడు.

కళ్ళం అంచున కూర్చున్న మునివెంకటమ్మ లేచింది. బైరప్ప పెళ్ళాం.

"ఆచారం కాదప్పా, భయం. నాకూ భయమే. నీళ్ళు వంతులేసి అందరికీ ఇచ్చినోడు నా మొగుడు. జైలు మాత్రం వానొక్కని వంతేనా?"

ఆమె కళ్ళం మధ్యకు వచ్చింది.

"నీళ్ళ వంతు యాడనుంచి మొదలు?" అని అడిగిందామె.

"కొస పొలం నుంచి" అన్నాడు ముసలి పిళ్ళప్ప. ఆ కొస పొలం ఆయనదే.

"మొదటి పార కూడా అట్లనే వేద్దాం. దినానికొక ఇల్లు. రేపు నీరుగంటి ఇంటి తరపున నాది. మల్ల కొసనుంచి నీది. నీ పక్కన ప్రమోదమ్మది."

ప్రమోద అంటే నేనే. శ్రీనివాసప్ప వైపు చూశాను.

"ఆయమ్మ ఇంట్లో మగమనిషి లేడు. వదిలేయండి" అన్నాడు శ్రీనివాసప్ప.

"నీళ్ళకి ఆయమ్మను వదిలేసినామా?"

ఆ క్షణాన మునివెంకటమ్మ మీద నాకు మండింది. నన్ను వదిలేస్తే ఆమె సొమ్మేం పోయేది? నా పొలం తరువాతిది శ్రీనివాసప్పది. ఆయన ఔననలేదు, కాదనలేదు, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

మరునాడు మునివెంకటమ్మ పార వేసింది, జీపెక్కింది. జీపు ఠాణాకు పోయి తిరిగి రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో అందరం పడి ఇరవై గజాలు తవ్వాం. ఆ మరునాడు పిళ్ళప్ప. ఆయనను లాగితే చెప్పు ఊడి ఇసుకలో పడింది, తీసుకోనివ్వలేదు. ఆరోజు ముప్పై గజాలు.

మూడోరోజు నా వంతు వచ్చింది. ఏట్లోకి దిగాను. పార పైకెత్తాను. చేతులు చెమటపట్టి జారింది. మళ్ళీ ఎత్తి వేశాను.

ఇన్స్పెక్టరు నా ఎదుటికి వచ్చాడు. "యారమ్మా నిమ్మ లీడరు?" అని, మీ లీడరెవరని, కన్నడంలో గద్దించాడు. "పేరు చెప్పు, నిన్ను వదిలేస్తా."

చెప్పి ఇంటికి పోదామనే అనిపించింది. చెప్పడానికి పేరేది?

"లీడరు లేడు సార్. వంతు ఉండాది. ఈపొద్దు నాది."

"రేపు?"

నేను గట్టు వైపు చూశాను. శ్రీనివాసప్ప అందరికంటే వెనక నిలబడి ఉన్నాడు. ఆయన పేరు నా నోట రాలేదు. నన్ను జీపెక్కించారు. బండి కదిలింది.

"సార్!"

శ్రీనివాసప్ప జనాన్ని తోసుకుంటూ ఇసుకలోకి దిగాడు.

"రేపు నాది సార్. ఎనిమిదికే రాండి, ఈడనే ఉంటా."

ఆ మాట గట్టు మీద అందరికీ వినపడింది.